ఆకును వెలుతురుకి పట్టి చూసిన మనిషి

మా పక్కింటి అంకుల్ పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను బ్లాక్‌టౌన్ స్టేషన్లో రైలు మారడానికి పరుగెడుతున్నాను. "నాన్న వెళ్లిపోయారక్కా. నిద్రలోనే," అంది. ఎదురుగా రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, రైలు వెళ్లిపోయింది. నేను కదల్లేదు. కాసేపటికి నా నోట్లోంచి వచ్చిన మాట చూడండి: "గెల కోశారా?" చావు కబురు చెప్పిన పిల్లని ఎవరైనా అడిగే ప్రశ్నేనా అది! ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. "ఇంకా లేదక్కా. వచ్చేవారం అంటున్నారు," అని, అప్పుడు ఏడ్చింది.

ఆ గెల ఆస్ట్రేలియాలోది కాదు, ఇండియాలోదీ కాదు. దాని సంగతి తెలియాలంటే ముందు ఆయన సంగతి తెలియాలి.

ఆస్ట్రేలియాలో మేముండే గిరావీన్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక చెక్క కంచె. ఆంటీ పోయాక ఆయన బెల్జియం నుంచి కూతురి దగ్గరికి వచ్చేశారు. కృష్ణ ఒడ్డున లంక గ్రామంలో పుట్టి, పై చదువుకని బెల్జియం వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే అరటి మీద పరిశోధన చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

"బెల్జియంలో అరటేమిటంకుల్? అక్కడ పడేది మంచు కదా!"

"అందుకేనమ్మాయ్ అక్కడ పెట్టింది. అరటి లేని చోట అరటి తెగులు కూడా ఉండదు," అన్నారాయన, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "మనం తినే అరటికి విత్తనం లేదు. పిలకే దానికి దిక్కు. తోట పోయిందా, ఆ రకం పోయినట్టే. అందుకని ఎక్కడెక్కడి రకాలో తెచ్చి గాజు గొట్టాల్లో బతికించి ఉంచుతాం. వేలెడేసి మొక్కలు. ఏ దేశంలో తోటలు పోయినా, మాకు కావాలి అని అడిగితే ఊరికే పంపిస్తాం."

బయట మోకాలి లోతు మంచు, లోపల ఒక గది, తెల్లటి లైట్లు, అరల నిండా గాజు గొట్టాలు, వాటిలో ఆసియావీ ఆఫ్రికావీ అరటితోటలన్నీ. మీ వంటింటికన్నా కాస్త పెద్ద గది, అన్నారు. నాకు సైన్సు పదో తరగతితో సరి. పరమట్టాలో ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం చేసుకునేదాన్ని. అయినా ఆ మాటకి ఒళ్లు ఝల్లుమంది. ఇంత పెద్ద సంగతి లోకంలో జరుగుతుంటే ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదేం అని కోపం కూడా వచ్చింది.

తెగులు పట్టిన మొక్కని బాగు చేయడం ఎలాగో కూడా ఆయన మా వంటింట్లోనే చెప్పారు. పోపుల డబ్బాలోంచి ఒక ఆవగింజ తీసి నా అరచేతిలో పెట్టారు.

"వైరస్ మొక్కంతా పాకేస్తుంది. కానీ మొవ్వు కొసన, ఇప్పుడిప్పుడే పుడుతున్న చోటికి దానికింకా చేరే తీరిక ఉండదు. ఆ కొస మటుకు మైక్రోస్కోపు కింద కోసి పెంచాలి. ఇందులో సగం కూడా ఉండదా ముక్క. చెయ్యి వణికిందా, పోయినట్టే. వణక్కపోయినా చాలాసార్లు పోతుందనుకో."

అలాంటి పని చేసిన చేతులు కాఫీ గ్లాసుని ఎందుకు రెండూ కలిసి పట్టుకుంటున్నాయో నాకప్పుడు అర్థమైంది. అప్పటికే వణుకు మొదలైంది.

ఆయనకో అలవాటుండేది. ఆకు కనిపిస్తే చాలు, వెలుతురుకి పట్టి చూడాల్సిందే. మా ఇంట్లో భోజనానికి పిలిచి అరటాకు వేస్తే, నీళ్లు చల్లకముందే ఆ ఆకుని రెండు చేతులా ఎత్తి ట్యూబ్‌లైటు వంక పట్టుకునేవారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు అది చూసి, ఆకు సరిగ్గా కడగలేదని ఎత్తిచూపుతున్నాడనుకుని, ఇంట్లో ఉన్న ఆకులన్నీ మళ్లీ కడిగించారు నాచేత. అంకుల్ మాత్రం హాయిగా నవ్వి, "ఆకు అబద్ధం చెప్పదమ్మా. వెలుతురుకి పట్టి అడగాలంతే," అన్నారు. అత్తగారు ఆ మాటకి సంతృప్తి పడ్డట్టు నాకు గుర్తు లేదు.

ఒక ఎండాకాలం మా పిల్లల్ని పోగేసి అరటి తొక్కలు కంచె మీద ఎండబెట్టించారు. వాటిని రంపపు పొట్టుతో కలిపి ముద్ద చేసి, మళ్లీ ఎండబెట్టి, మా పెరట్లో బార్బెక్యూ పొయ్యిలో బొగ్గుల బదులు వేసి వంకాయలు కాల్చారు. ఆఫ్రికా కొండ ఊళ్లలో ఆడవాళ్లు కట్టెల కోసం నడిచే దూరం తగ్గించడానికి ఆయన తోటివాళ్లు ఈ పని మీద ఏళ్లతరబడి కూర్చున్నారట. "ఇన్ని పేపర్లు రాసి చివరికి మన పిడకల దగ్గరికే వచ్చామమ్మాయ్," అని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. పొగకేమో, నవ్వుకేమో. "అంకుల్, దిస్ ఈజ్ సో కూల్," అంది మా చిన్నది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు.

ఇంతవరకూ ఆయన నాకు ముద్దొచ్చే పెద్దమనిషి. ఆయనంటే నాకు భయభక్తులు ఏర్పడింది ఒక గృహప్రవేశంలో.

మావారి స్నేహితుడు బ్లాక్‌టౌన్ అవతల కొత్త ఎస్టేట్‌లో ఇల్లు కట్టుకుని అందర్నీ పిలిచాడు. అంకుల్‌ని నా కార్లో తీసుకెళ్లాను. గుమ్మానికి అటూ ఇటూ రెండు అరటిచెట్లు, వేళ్లతో సహా బకెట్లలో. ఇక్కడికి ఉత్తరాన సముద్రతీరపు ఊళ్లో ఎవరో తెలిసినవాళ్ల పెరట్లోంచి తవ్వి, కారు డిక్కీలో పడేసి తెచ్చాడట. వ్రతం అయ్యాక పెరట్లో పాతి, పక్కన వచ్చిన పిలకలు వచ్చినవాళ్లకి పంచుతానన్నాడు. మనవాళ్ల సంగతి తెలిసిందే. కరివేపాకు మొక్క గానీ, గోంగూర విత్తనం గానీ, మల్లె అంటు గానీ, ఎవరింట కనిపించినా మనింటికి రావలసిందే. నాకొకటి, నాకొకటి అని ఆడవాళ్లు అప్పటికే చెప్పి ఉంచుకున్నారు.

అంకుల్ ఒక చెప్పు విడిచి, రెండోది విడవకుండా ఆగిపోయారు. ఆకు అంచు పట్టుకుని పైకెత్తి ఎండకి పెట్టారు. "అమ్మాయ్, ఇలా రా. ఇక్కడ చూడు." ఈనెల వెంబడి ముదురాకుపచ్చ చుక్కలు, పొట్టి గీతలు, మళ్లీ చుక్కలు. పైన మొవ్వులో ఆకులు విచ్చుకోకుండా నిక్కబొడుచుకుని గుంపుగా ఉన్నాయి. మట్టల సందుల్లో పేనుబంక పురుగులు.

"వెర్రితల తెగులు," అన్నారు మెల్లగా. "దీనికి మందు లేదు. పిలకతో పాటే వెళ్తుంది. ఈ పురుగు ఎగిరితే దాంతోనూ వెళ్తుంది."

అసలు ఈ దేశంలో అరటి మొక్కని ఇష్టమొచ్చినట్టు ఊళ్లు దాటించకూడదనీ, దానికి నిబంధనలున్నాయనీ మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. ఇంటాయన బతిమాలుకున్నాడు. "అంకుల్, ముహూర్తం టైమ్ అవుతోంది. గెస్ట్స్ అందరూ వచ్చేశారు. రేపు చూద్దాం అంకుల్, ప్లీజ్." వాళ్లమ్మగారైతే మండిపడ్డారు. "శుభమా అని కొత్తింట్లో అడుగుపెడుతుంటే గుమ్మంలో అరటిచెట్లకి వంక పెడతారేవిటండీ!"

"పూజకి నేనడ్డం రానమ్మా," అన్నారు అంకుల్. "చెట్లు కదపొద్దంటున్నానంతే. వీటి పిలక ఒక్కటి కూడా ఈ గుమ్మం దాటడానికి వీల్లేదు."

అంటూనే ప్రభుత్వం వాళ్ల నంబరుకి ఫోన్ చేసి సంగతి చెప్పేశారు. చెట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పించి, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, పట్టు పంచెతో గుమ్మం పక్కనే కూర్చున్నారు. కథ ఐదు అధ్యాయాలూ అక్కణ్నించే విన్నారు. ప్రసాదం అక్కడే తిన్నారు, భోజనం కూడా ఒళ్లో పెట్టుకుని అక్కడే కానిచ్చారు. పిల్లలు "సెక్యూరిటీ అంకుల్" అని పేరు పెట్టారు. "ఒక్క పిలకకి ఇంత రాద్ధాంతమా," అని ఒకావిడ అందరికీ వినపడేలా అంది. అంకుల్ మాత్రం ఇంటాయన తల్లిగారిని పిలిచి, చేతులు జోడించి, "మీరే ఒకసారి చూడండమ్మా," అని కవరు తొలగించారు. ఆవిడ ఆ ఆకుని ఎండకి పట్టి చాలాసేపు చూశారు. తర్వాత లోపలికి తిరిగి, "ఆయన చెప్పినట్టు చెయ్యరా," అని కొడుకుని కేకేశారు. మర్నాడు ప్రభుత్వం మనుషులొచ్చి వాటిని జాగ్రత్తగా తీసుకుపోయారు.

తిరిగొస్తూ కార్లో అడిగాను. "మనకది పెరట్లో మోజే కదంకుల్. అంత పట్టుదల దేనికి?"

అప్పుడు చెప్పారు. తూర్పు ఆఫ్రికాలో ఒక కొండ ఊరు. అక్కడ అరటంటే పండు కాదు, అన్నం. ఒక పెద్దావిడ తోటలో మాత్రం ఒక రకం ఉండేదట, లోపల గుమ్మడిపండు రంగు. ఆ ఊళ్లో బాలింతలకీ, తల్లిపాలు మానే పిల్లలకీ అది ఉడికించి పెట్టేవారు. "కళ్లకి మంచిదని వాళ్లకెప్పుడో తెలుసు. మేం ల్యాబులో పరీక్ష చేసి ఔనన్నాం." తెగులు ఆ ఊరికి ఎలా వచ్చిందంటే, ఒక పెళ్లికి పుట్టింటివాళ్లు ప్రేమగా పంపిన పిలకలతో. "ప్రేమగా ఇచ్చినదాన్ని ఎవరనుమానిస్తారమ్మాయ్? నేను వెళ్లేసరికి ఆ రకంలో ఒక్క దుబ్బు మిగిలింది. దానికీ పట్టేసింది. ఆఖరి గెల. ఆవిడ అది కోసి, వండి, నాకు పెట్టింది. అతిథిని కదా. నేను తిన్నాను."

కారు కిటికీ అద్దం కాస్త దించుకున్నారు.

"వస్తుంటే పిలక తవ్వి నా చేతికిచ్చి, నువ్వు తిని వెళ్తున్నావు, తిరిగి తెచ్చి మాకు పెట్టు అంది. తెస్తానని మాటిచ్చాను. ఎన్ని కొసలు కోశానో. ప్రతిసారీ పరీక్షలో వైరస్ బయటపడేది. రిటైరైపోయాను. నా చేతుల వల్ల కాలేదు."

సిగ్నల్ ఎప్పుడు పచ్చబడిందో నాకు తెలీదు. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. నా పక్కన కూర్చున్నది, ఒక కొండ ఊరి పసిపిల్లల ముద్ద ఇన్నేళ్లు గుండెల్లో మోస్తున్న మనిషి.

ఆ పని బెల్జియంలో ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి చేపట్టింది. మరో రెండు చలికాలాలు గడిచాక ఒకరోజు కంచె అవతల నుంచి "అమ్మాయ్! అమ్మాయ్!" అని కేకలు. ఏ ప్రమాదమో అని పరుగెత్తాను. ఆయన కంచె మీదుగా వణికే చేత్తో ఒక బెల్లం ముక్క అందించారు. "శుభ్రంగా ఉంది! పరీక్షల్లో ఎక్కడా వైరస్ లేదట!" గాజు గొట్టాలు ఆఫ్రికాకి విమానమెక్కాయి. అక్కడ నర్సరీలో మొక్కలయ్యాయి. చివరికి ఆ పెద్దావిడ తోటలోనే పాతారు. ఆవిడింకా ఉంది.

ఈలోగా ఆయన గుండె మొరాయించింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే, డాక్టర్లు నొప్పి గురించి అడుగుతుంటే ఆయన కూతుర్ని, "ఎన్నాకులు వేసింది?" అని అడిగేవారు. పువ్వు వేసిందని ఫోటో వచ్చిన రోజు ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూనే ఉన్నారు. "గెల పక్వానికి రావాలంటే ఓపిక పట్టాలి," అన్నారు నాతో. "నాకు ఓపికుంది. దీనికే లేదు," అని గుండె మీద చెయ్యి వేసి చూపించారు.

గెల చెట్టు మీద ఉండగానే ఆయన వెళ్లిపోయారు.

పెద్దకర్మ రోజున వాళ్లింటి హాల్లో అందరం కూర్చున్నాం. గృహప్రవేశం ఇంటాయనా, వాళ్లమ్మగారూ వచ్చారు. ఆయన ఫోటో ముందు ఆకు వేసి ఇష్టమైనవన్నీ వడ్డించాలి. వంటలు సిద్ధమయ్యాయి. సరిగ్గా వడ్డించబోయే ముందు కూతురి ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. బెల్జియం అమ్మాయి పంపింది, ఆ కొండ ఊరి నుంచే.

అందరం ఆ చిన్న తెర చుట్టూ మూగాం. గెల కోశారు. కుండ మూత తీశారు, ఆవిరి. తొక్క వలిస్తే లోపల గుమ్మడిపండు రంగు. చంకన ఉన్న ఒక పసివాడి నోట్లో ముద్ద పెట్టారు. వాడు ముఖం చిట్లించి, మళ్లీ నోరు తెరిచాడు. ముఖమంతా ముడతలు పడ్డ ఆ తోట పెద్దావిడ వేడి వేడి ముద్దొకటి తీసి, విడిగా ఒక ఆకు మీద పెట్టి, కెమెరా వంక చూసి ఏదో అడిగింది. కింద బెల్జియం అమ్మాయి అర్థం రాసింది. ఇది ఆయన వాటా, ఎప్పుడొస్తాడు అని అడుగుతోందట. పోయిన సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేకపోయానని కూడా రాసింది.

గృహప్రవేశం ఇంటి పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కూతురు ఫోన్ పక్కన పెట్టి లేచింది. ఆకుల కట్టలోంచి తండ్రికి వేయాల్సిన ఆకు తీసింది. వేయబోయి, ఆగి, రెండు చేతులా పైకెత్తి కిటికీలోంచి పడుతున్న ఎండకి పట్టింది. హాల్లో ఉన్నవాళ్లందరం, పిల్లలతో సహా, తలలెత్తి దాని వంకే చూశాం. ఆకుపచ్చ వెలుతురు, సన్నటి ఈనెలు. ఒక్క చుక్క కూడా లేదు.