పుస్తకంలో పారిపోయినవాడు

హెల్‌స్టన్ ఊరు దాటాక గుర్రానికి లాడం ఊడింది. బండివాడు జెత్రో దాంతో కుస్తీ పడుతుంటే నేను దిగి నడక మొదలుపెట్టాను. కొంత దూరంలో రాళ్ల గోడమీద కూర్చుని, ఒళ్లో గుడ్డమూటతో ఒకాయన మోకాలు రుద్దుకుంటున్నాడు. నౌకాదళం కోటు, బొత్తాలు మాసిపోయాయి. వెనకనుంచి బండి రానే వచ్చింది.

"ఎక్కు దొరా! సముద్రాలన్నీ ఓడెక్కి తిరిగినోడివి, నేలమీద కాళ్లరగదీసుకుంటావేం?" అన్నాడు జెత్రో.

"ఈ దారి నడిచే వెళ్లాలి" అన్నాడాయన.

నాకూ నడకే ఇష్టం. కలిసి నడిచాం. పేరు ఆంబ్రోస్ ట్రెవెనన్. పదమూడేళ్లకు ఓడెక్కాడు. మీసాలు రాకముందే బాల్టిక్ సముద్రంలో రష్యా ఫిరంగులు చూశాడు. తర్వాత చైనా నదులు, బానిసల్ని తరలించే పడవల వేట. తెరచాపలు పోయి ఆవిరి యంత్రాలొచ్చినా ఆయన మాత్రం లెఫ్టినెంటుగానే ఉండిపోయాడు. అలాంటివాళ్లకు నలభై అయిదో ఏట పింఛనుతోపాటు ఊరడింపుగా కమాండర్ హోదా ఇచ్చి ఇంటికి పంపుతారు. నేను చూసిన రేవులన్నిటిలో ఇలాంటి కమాండర్లు గాలి ఎటు వీస్తోందో చూస్తూ కూర్చునుంటారు. ఈయనది వేరే చూపు.

నడుస్తూ తన కథ చెప్పాడు. పదకొండేళ్ల కిందట జాంజిబార్ రేవులో ఓ ఉదయం హాజరు పిలిస్తే జేబెజ్ రోస్కిల్లీ అనే నావికుడు పలకలేదు. మూడు రోజులు చూసి, ఓడ హాజరు పుస్తకంలో "పారిపోయాడు" అని రాయించింది ట్రెవెననే. పారిపోయినవాడి సంచి ఓడమీదే వేలం వేస్తారు. విప్పితే అడుగున కొత్త బూట్లు, ఒక్కసారైనా తొడగనివి. వట్టికాళ్లతో ఎవడు పారిపోతాడు? ఆ మాట కెప్టెన్‌తో అనాలి. అంటే తన తప్పు బయటపడుతుంది. పదోన్నతి జాబితా అదే నెలలో రావాలి. బూట్లు వేలంలో తనే పాడుకుని ఊరుకున్నాడు. తీరా ఆ జాబితాలో తన పేరూ లేదు. పోయిన వేసవిలో ఆ రేవు అడుగున పాత గొలుసుకు చిక్కిన ఎముకలు, రోస్కిల్లీ పేరు చెక్కిన చాకు దొరికాయి. ఇప్పుడు పుస్తకం దిద్దారు.

"వాడి తల్లి ఉంది. పారిపోయినవాడి తల్లని ప్రార్థనమందిరంలో ఆమెను చివరి బల్లమీదే కూర్చోనిస్తారట" అన్నాడు.

వాళ్ల ఊరి చివర ఆ తల్లి, కెజియా రోస్కిల్లీ, వాకిట్లో చేపలకు ఉప్పు పెడుతోంది. పుస్తకం దిద్దినట్టు నౌకాదళం ఇచ్చిన కాగితం ఆయన చదివి వినిపించాడు. ఆమె చేతులు ఆగలేదు. మూటలోంచి బూట్లు తీశాక ఆగాయి.

"ఇవి పెన్‌రిన్‌లో నేను కొన్నవి. వీటిని వదిలేసి పోతాడా వాడు?"

"పోడమ్మా. ఆ రోజే నాకు తెలుసు."

"తెలిసి?"

"నోరు మూసుకున్నాను."

"నాకు చెప్పి ఏం లాభం దొరా? నా కొడుకు పారిపోయే రకం కాదని నాకెప్పుడూ తెలుసు. తెలియంది వాళ్లకి" అంటూ ప్రార్థనమందిరం వైపు ఉప్పు చెయ్యి చూపింది. తర్వాత బూట్లు ఒళ్లో పెట్టుకుని తలుపు గడపమీద కూర్చుంది. నన్ను చూసి, టీ తాగి పొమ్మంది.

నేను కెటిల్ అందుకుని వెనక్కి తిరిగేసరికి వాకిట్లో ఆయన లేడు. ట్రెవెనన్ ఎవరికీ చెప్పకుండా, మోకాలు ఈడ్చుకుంటూ, ప్రార్థనమందిరం పక్కనున్న బోధకుడి ఇంటి మెట్లెక్కుతున్నాడు.