సూదులు గుచ్చాక నా కుడికాలు చేసిన పని

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే మొదట నవ్వేది నేనే. ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా చేశాను. ఎన్ని నిర్మానుష్యమైన దారుల్లో తిరిగినా నాకెప్పుడూ ఏమీ కనబడలేదు.

షుగర్ వల్ల నా కాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. అరికాళ్లు మిరపకారం పూసినట్టు మండేవి. కుడికాలిలో బలం కూడా పోయింది. మెట్టు ఎక్కాలంటే ప్యాంటు పట్టుకుని కాలు పైకి లాక్కోవాల్సిందే. మందులతో విసిగిపోయి, నా భార్య సుజాత పోరు పడలేక, హనుమకొండలో షాహీన్ అనే ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

మూడోసారి వెళ్లిన రోజు మధ్యాహ్నం. గదిలో రెండు మంచాలు, మధ్యలో మూరెడు జాగా. నా కుడివైపు మంచం మీద నెక్కొండ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దాయన మోకాళ్లకు సూదులతో పడుకుని ఉన్నాడు. ఆయన భార్య, సుజాత గోడ పక్కన కూర్చున్నారు. ఆ దంపతులెవరో మాకు తెలియదు.

డాక్టరమ్మ నా కుడిపాదంలో చివరి సూది గుచ్చింది. మంట టక్కున ఆగింది. ఆ వెంటనే కాలు లేచింది.

నేను లేపలేదు. అది నన్ను నడుము దగ్గర నుంచి తిప్పేసి పెద్దాయన డొక్కలో తన్నింది. మళ్లీ తన్నింది. మళ్లీ. సూదులు వంకర తిరిగి పాదమంతా నెత్తురైంది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. సుజాత కాలి మీద పడి అదిమితే అది ఆమెను గోడకు విసిరికొట్టింది.

"అన్నా, ఆపు! చంపుతవా ఏంది?" అని డాక్టరమ్మ అరిచింది.

"నేను కాదమ్మా! కాలు ఆగుతలేదు!"

పెద్దాయన నన్ను తిట్టలేదు. నోట్లోంచి నెత్తురు కారుతుండగా చేతులు జోడించాడు. నా ముఖం వైపు కాదు, నా పాదం వైపు చూస్తూ, "కొట్టకే నర్సవ్వా... తప్పయింది, ఇగ కొట్టకే" అన్నాడు.

కాలు చచ్చుబడి మంచం అంచున వేలాడింది.

దవాఖానలో మూడు పక్కటెముకలు విరిగాయన్నారు. నేను ఆయన భార్య కాళ్లు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది.

"నువ్వేం జేసినవ్ తమ్మీ. నర్సవ్వ ఆయన మొదటి పెండ్లాం. కడుపుతోని ఉన్నదాన్ని గిట్లనే తన్ని సంపిండు. పురుగుల మందు తాగి సచ్చిందని ఊరందరికి చెప్పిండు. తాగినప్పుడు నాతోటి ఒప్పుకున్నడు."

డాక్టర్లు అడిగితే మాత్రం, మంచం మీది నుంచి పడ్డాడని ఆమే చెప్పింది. మేమెవరమూ కాదనలేదు. ఆయన బతికాడు.

తరువాత నరాల డాక్టరు నా కాలు పరీక్షించి, దాంతో ఎవరినైనా తన్నడం అసాధ్యం అన్నాడు.

సుజాతకు కూడా చెప్పని మాట ఒకటుంది. కాలు నా మాట విననంతసేపు నాకు భయం వేయలేదు. పళ్లు పటపట కొరికేంత కోపం వచ్చింది, అంతకుముందు ఎన్నడూ చూడని ఆ మనిషి మీద. ఆయన చేతులు జోడించినప్పుడు కూడా అది చల్లారలేదు. అది ఎవరి కోపమో, నాలోకి ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.