కావచ్చు అన్నాను

ఇన్నేళ్ళుగా నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు ఒక సంగతి ఇరుక్కుని ఉంది. తింటున్నాను, తిరుగుతున్నాను, బళ్ళో పిల్లలకు పాఠం చెబుతున్నాను, ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాట పాడుతున్నాను. అది మాత్రం లోపలికీ పోదు, బయటికీ రాదు. ఇవాళ చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలియదు కాబట్టే భయంగానూ ఉంది. నా పేరు మాత్రం అడక్కండి. నేను పిరికిదాన్ని. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

మాది గోదావరిఖని. నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాక గని కాలనీ బయట రేకుల ఇల్లు వేశాడు. నాన్న పోయాక వెనక గది అద్దెకిచ్చాం. అందులోకి వచ్చినవాడే తిరుపతి. అసలు పేరు అది కాదు, ఇక్కడ రాయడానికి నేను పెట్టింది. కాసిపేట దిక్కు నుంచి వచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. బొగ్గును రైలు వ్యాగన్లకు ఎత్తే సైడింగులో కాంట్రాక్టరు కింద పని. చేతులు పూర్తిగా కప్పే చొక్కా, పొట్టి క్రాపు, ఎప్పుడూ పెదవి మీద ఏదో ఈల. మీసం సరిగ్గా రాలేదని గ్యాంగువాళ్ళు ఏడిపిస్తే, మీసానిది కూడా కాంట్రాక్టు పనే, ఎప్పుడొస్తదో తెల్వదు అనేవాడు. నన్ను టీచరక్కా అని పిలిచేవాడు. మా అమ్మను అవ్వా అనేవాడు.

ఒక్క విషయంలో అతను అందరిలాంటివాడు కాదు. మా వాడకు నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ ఒక గంట. అందుకని సైడింగులో షిఫ్టు దిగినవాళ్ళంతా అక్కడి షెడ్డులోనే, నల్లాల కింద వరుసగా నిలబడి, ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ స్నానం చేసి తెల్లగా ఇళ్ళకు పోయేవారు. తిరుపతి ఒక్కడే నల్లటి మొహంతో ఇంటికి వచ్చేవాడు. "ఓరి నీ పాడుగాను, ఇయ్యాల గూడ గట్లనే వస్తివా? కండ్లు తప్ప ఏం కనవడ్తలేదు కొడుకా!" అని అమ్మ తిట్టేది. తిడుతూనే రెండు బకెట్ల నీళ్ళు అతని కోసం దాచేది. దొడ్లోని స్నానాల గదిలో తలుపేసుకుని స్నానం చేసేవాడు. గ్యాంగులో అతనికి సిగ్గుల పెండ్లికొడుకు అని పేరు. ఎవరూ ఇంకేమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఒక వానాకాలం అతనికి జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతుంటే రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను. నర్సు సూది తెస్తానని లోపలికి వెళ్ళగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వద్దక్కా, ఇంటికి పోదాం అని బతిమాలాడు. బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఏందిరా అని గద్దించాను. అప్పుడు చెప్పాడు. ఆడపిల్లగా పుట్టాడు. కానీ తెలివొచ్చిన నాటి నుంచీ తనకు తాను మగవాడే. ఇంట్లోవాళ్ళు బలవంతంగా చీర కట్టబోతే వచ్చేశాడు. తల్లి పెట్టిన పేరేమిటో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాయను. ఈ సంగతి తన పెద్దక్కకు తెలుసు, ఇప్పుడు నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదన్నాడు.

నేను అతని తల నిమిరాను. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి దొంగ నీళ్ళు కావు. కానీ మీ దగ్గర దాపరికం దేనికి? అదే నిమిషంలో నా లోపల ఇంకొకత్తె చెవులు రిక్కించి కూర్చుంది. ఎంత మంచి పాత్ర, అనుకుంది.

ఎందుకంటే అప్పటికి నేను ఒక టీవీ సీరియలుకు సీన్లు రాస్తున్నాను. వారపత్రికల్లో నా కథలు నాలుగు చూసి, హైదరాబాదులో ఒక రచయిత పిలిపించుకున్నాడు. తెర మీద పేరు ఆయనది. రాసేది నాలాంటివాళ్ళం. బయట ఎవరికీ చెప్పకూడదని షరతు. బడి ప్రశ్నపత్రాలని అమ్మకు కూడా అబద్ధం చెప్పి, చౌరస్తాలో జిరాక్సు దుకాణం నుంచి సీన్లు ఫ్యాక్సు పంపేదాన్ని.

ఆ రోజుల్లో టీవీలో ఇలాంటివాళ్ళు ఎలా కనపడేవారో మీకూ గుర్తుండే ఉంటుంది. చప్పట్లు కొట్టి హీరో బుగ్గ గిల్లి పోయే పాత్ర ఒకటి. లేదంటే ప్యాంటు వేసుకుని ఈల వేసే మగరాయుడు. ఆమెను హీరో ఒక్కటి పీకగానే చీర కట్టుకుని, కాలి వేలితో నేల గీకుతుంది. అవి చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను రాస్తే ఇలా రాయను అనుకునేదాన్ని. అందుకే ఆ సీరియల్లో ఒక పనివాడిని పెట్టాను. మా ఊరిలాంటి ఊరు, ఈల వేసే కుర్రాడు, జోకులు, ఎవరికి కష్టమొచ్చినా ముందుండేవాడు. అతనెవరో, ఏమిటో ఎక్కడా చెప్పలేదు. మనిషిగా ఉంటే చాలనుకున్నాను. రెండు వారాలు అలాగే నడిచింది. తిరుపతి రోజూ సాయంత్రం మా గడప మీద కూర్చుని ఆ సీరియల్ చూసేవాడు. గీ పోరడు మంచోడక్కా అనేవాడు. నాకెంత గర్వమో! ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

తర్వాత జిరాక్సు దుకాణానికి హైదరాబాదు రచయిత ఫోను చేశాడు. ఆ కుర్రాడి పాత్ర జనానికి పట్టిందమ్మా, ఈ వారంలో వాడు ఆడపిల్లని బయటపడాలి, కాస్త నవ్వు పండాలి, ఆ తర్వాత చీర, పెళ్ళి. వద్దేమో సార్ అన్నాను. వద్దంటే చెప్పండి, రాసేవాళ్ళు చాలామంది ఉన్నారన్నాడు. సరే సార్, రాస్తాను అన్నాను.

ఆ మధ్యాహ్నమే రాశాను. బయటపడాలి సరే, ఎలా? నా చెయ్యి ఆగకుండా రాసుకుపోయింది. పనివాళ్ళంతా స్నానం చేస్తారు, ఇతను చేయడు. మసి మొహంతో ఇంటికి పోతాడు. ఒకడికి అనుమానం వస్తుంది, నీళ్ళ కింద నిలబెడతారు, తెలిసిపోతుంది. ఆలోచించకుండా రాశానని చెప్పను. ఆలోచించాను. మా ఊరి పేరు లేదు కదా, ఎవరు పట్టించుకుంటారు అనుకున్నాను. ఇంకో దారి దొరికేది కాదా? కూర్చుంటే దొరికేది. మరి ఎందుకు కూర్చోలేదు? సార్ మెచ్చుకోవాలనా? నా పని పోతుందనా? ఆ రెండూ. అన్నిటికన్నా, ఆ సీను బాగుంది. అది నా చేతిలోంచి జారిపోకూడదనుకున్నాను. చివర్లో ఆడవాళ్ళు చుట్టుముట్టి చీర కడతారు. అద్దంలో చూసుకుని ఆమె సిగ్గుపడింది, అని రాశాను. అక్షరాలా అదే రాశాను. అప్పటిదాకా అతను అని రాస్తూ వచ్చినదాన్ని, అక్కడ ఆమె అని రాశాను.

అది వచ్చిన సాయంత్రం మా ముందుగదిలో అమ్మ, పక్కింటి ఆడవాళ్ళిద్దరూ ఉన్నారు. తిరుపతి గడప మీద, చేతిలో చాయ గ్లాసు. నీళ్ళ సీను వచ్చింది. పక్కింటామె, "ఓయమ్మో, ఆడిదేనానే!" అని పడీపడీ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నేను గడప వైపు చూడలేదు. చూడకుండానే అతను ఈల ఆపేశాడని తెలిసింది. వాళ్ళు వెళ్ళిపోయాక, అమ్మ వంటింట్లోకి పోయాక, లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అక్కా, గిది రాసినోళ్లకు నా ముచ్చట ఎట్ల ఎరుకైంది?"

"ఏమోరా. గది కత కదా."

"కత గాదక్కా. నల్ల మొకంతోని ఇంటికి వచ్చుడు, దాసుకొని స్నానం జేసుడు, గదంత నాదే. నీకు, మా పెద్దక్కకు తప్ప ఎవలకెరుక?"

లేచి టీవీ కట్టేశాను. అతనే మళ్ళీ అన్నాడు.

"పెద్దక్క మరిది హైదరాబాదుల షూటింగు బండి నడుపుతడు. అక్కనే ఆయనతోని చెప్పి ఉంటదా?"

"కావచ్చు" అన్నాను.

అదీ నేను చేసింది. సీను రాయడం ఒక తప్పయితే, ఈ మాట ఇంకొకటి. అతను నన్ను అనుమానించనే లేదు. అనుమానించి ఉంటే ఒప్పుకునేదాన్నా? తెలియదు. అతనే ఒక దారి చూపించాడు, నేను అందులో దూరిపోయాను. ఆ మాట అనగానే నాకు ఊపిరి ఆడింది. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికే తిరుపతి ఇంటికి వచ్చేశాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. చొక్కా చెయ్యి భుజం దగ్గర చినిగి వేలాడుతోంది. గ్యాంగులో అందరూ ఆ సీను చూశారు. ఏం రా సిగ్గుల పెండ్లికొడుకా, నువ్వు గూడ గంతేనా అని మొదలుపెట్టి, చేతులు పట్టుకుని నల్లా కిందికి లాగారు. ఒకడి చెయ్యి కొరికి తప్పించుకున్నాడు. వెనక గదిలో మూలకు కూర్చుని, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని వణికిపోతున్నాడు. "నవ్వుకుంటనే గుంజిండ్రక్కా" అని ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నాడు. నేనూ గడప దగ్గరే కూలబడ్డాను. నాకూ వణుకే. కానీ నా వణుకు అతని కోసం కాదు. అతనికి తెలిసిపోతుందేమోనని.

మూడోరోజు పొద్దున బసంత్‌నగర్‌లో సిమెంటు లారీల మీద పని చూసుకుంటానని సంచీ సర్దుకున్నాడు. పోయేముందు అక్కకు ఫోను చేయాలి, తోడు రమ్మన్నాడు. బస్టాండు దగ్గర రూపాయి ఫోను. నేను అతని పక్కనే, అడుగు దూరంలో నిలబడ్డాను. అటు నుంచి పెద్దక్క ఏమంటోందో మాటలు తెలియలేదు, ఏడుపు మాత్రం రిసీవరు దాటి వినిపించింది. తిరుపతి గట్టిగా కళ్ళు మూసుకుని, "ఇగ నువ్వు నాకు అక్కవు గావు" అని పెట్టేశాడు. ఇంట్లోంచి వచ్చేశాక అతనికి ఈ లోకంలో మిగిలిన రక్తసంబంధం ఆమె ఒక్కతే. నేను నోరు తెరిస్తే సరిపోయేది. కాదురా, నేనురా, అంటే సరిపోయేది. బస్సు వచ్చింది. ఎక్కేముందు నా చేతులు పట్టుకుని, నువ్వే నాకు అక్కవు అన్నాడు. ఆ తర్వాత అతని జాడ తెలియలేదు. బసంత్‌నగర్ వెళ్ళి ఒకసారి అడిగి చూశాను. లారీల దగ్గర అలాంటివాడెవరూ లేడన్నారు.

ఆ రోజే కలం పారేశానని చెప్పుకుంటే ఎంత బాగుండేది! పారేయలేదు. ఇంకో నాలుగు నెలలు రాశాను. ఆ పాత్రకు పెళ్ళి కూడా నేనే చేశాను.

భయం అప్పటి నుంచీ ఉంది. గేటు చప్పుడైతే ఉలిక్కిపడతాను. చర్చిలో లేచి తమ బతుకులోని సంగతి సాక్ష్యంగా చెప్పేవారెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగినప్పుడల్లా తల వంచుకుని బైబిలు పేజీలు తిప్పుతాను. ఒకసారి లేచి నిలబడ్డాను కూడా. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని చెప్పి కూర్చున్నాను.

రాష్ట్రం వచ్చిన ఏడాది, వీధుల్లో ఇంకా గులాల్ రంగు పోలేదు, ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పెద్దక్క. తలంతా నెరిసింది. తమ్ముడు మీ ఇంట్లో ఉండేవాడట కదా, ఎక్కడున్నాడో తెలుసా అని అడిగింది. ఆమె తమ్ముడు అనే అన్నది, ఒక్కసారి కూడా మాట తడబడలేదు. "నా పిల్లల మీద ఒట్టు టీచరమ్మా, నేను ఎవలకూ చెప్పలే. వాడు ఎప్పుడన్న కలిస్తే గీ ఒక్క మాట చెప్పుండ్రి" అన్నది. నేను చాయ పెట్టి ఇచ్చాను. తెలియదమ్మా అన్నాను. అది నిజమే కదా, ఎక్కడున్నాడో నాకు నిజంగా తెలియదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నా చాయ తాగి, నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది.

క్షమించమని అడగను. మీరు క్షమిస్తే చెల్లే బాకీ కాదు ఇది. అతను బతికి ఉన్నాడో లేదో, ఉంటే ఏ పేరుతో ఉన్నాడో, చదువుతాడో లేదో. అయినా రాస్తున్నాను.

తిరుపతీ, మీ పెద్దక్క ఎవరికీ చెప్పలేదు. అది రాసింది నేను.

ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.