సున్నం కింద ఎక్స్

మొన్న పొద్దున జనగామలో మా వీధికి ఇద్దరు మనుషులు ఎర్రరంగు డబ్బా పట్టుకుని వచ్చారు. రోడ్డు వెడల్పు చేస్తారట. మా ప్రహరీ గోడ మీద ఇంత పెద్ద ఎక్స్ గీసి, దాని కింద నంబరు వేసి, మంచినీళ్ళు అడిగి తాగి మరీ వెళ్ళారు. మా కోడలు నొచ్చుకుంది. "గోడంత ఖరాబు చేసిండ్రు అత్తమ్మా, పండుగకు సున్నం ఏసేటప్పుడు దీని మీద రెండు పూతలు ఎక్కువ ఏపిద్దాం" అంది. నేను అంత గట్టిగా వద్దనేసరికి పాపం బిత్తరపోయింది. ఆ గుర్తు మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోనని చెప్పి లోపలికొచ్చి కూర్చున్నాను. నాకూ ఆ అక్షరానికీ మధ్య పాత పగ ఒకటుంది.

మేం పెరిగింది మహబూబాబాద్ రైల్వే క్వార్టర్లలో. స్టేషను బోర్డు మీద ఏం రాసున్నా మా నోట్లో అది ఎప్పుడూ మానుకోటే. మా బాపు ఆ స్టేషనులో పాయింట్స్‌మన్. ఆగని బండి వచ్చినప్పుడల్లా పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు, బండి మొత్తం దాటేదాకా కదిలేవాడు కాదు. ఆయన చూసేది ఇంజనును కాదు, ఆఖరి పెట్టె వెనక పసుపురంగుతో రాసిన ఎక్స్‌ను. అది కనిపిస్తే పెట్టెలన్నీ వచ్చినట్టు. కనిపించకపోతే దారిలో ఎక్కడో కొన్ని తెగిపోయి ఆగిపోయినట్టు. "ఇంజనును అందరు చూస్తరు బిడ్డా, ఎనుకదాన్ని చూసెటోడు ఒకడుండాలె" అనేవాడు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో నాకూ మా అక్కకూ ముందుగా వచ్చింది అదే, ఏ, బీ తరువాత నేర్చుకున్నాం. బడిలో వాచకం వాళ్ళు ఆ అక్షరానికి జైలోఫోన్ అని ఏదో చెక్కల వాయిద్యం బొమ్మ వేశారు. దాన్ని మేమే కాదు, మా పంతులు కూడా చూసి ఉండడు.

అక్క ఏడో తరగతితో చదువు ఆపేసింది. నేను చదువుకుని లెక్కల టీచరునయ్యాను, కాబట్టి ఆ అక్షరం నాకు అన్నం పెట్టిందనే చెప్పాలి. దాని పుట్టుపూర్వోత్తరాలు పిల్లలకు చెప్పడం నాకు సరదా. గ్రీకుల దగ్గర్నుంచి రోము వాళ్ళకు వచ్చిందనీ, వాళ్ళు దాన్ని పది అంకెగా కూడా వాడుకున్నారనీ, గోడ గడియారంలో పదింటి దగ్గర కూర్చున్నది అదేననీ చెప్పేదాన్ని. లెక్కల్లో తెలియనిదానికి దాని పేరే పెట్టారు. అది ఏ కిరణమో అంతుపట్టక దవాఖానాలో ఎముకల ఫొటోకూ అదే పేరు పెట్టారు. దొరల దేశంలో సంతకం రాని పల్లెటూరి వాళ్ళు కాగితం మీద దాన్నే గీసేవాళ్ళట, మనవాళ్ళకు బొటనవేలు ఉంది గనుక ఆ అవస్థ రాలేదు. ఇంత ముద్దుగా చెప్పి, సాయంత్రం ఇంట్లో కూర్చుని అదే పిల్లల నోటుపుస్తకాల మీద ఎర్రసిరాతో అదే అక్షరాన్ని టపటపా కొట్టేదాన్ని. ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ, ఎక్కడ ఎర్ర ఎక్స్ కనిపించినా దాన్ని చూస్తే చిరాకుపడడం నాకు అలవాటైపోయింది.

అక్కను భూపాలపల్లి అవతల ఒక ఊరికి ఇచ్చారు. బావ స్వయంగా మట్టి తొక్కి గోడలు పెట్టుకున్న ఇల్లు, ముందు చిక్కుడు పందిరి, వెనక రెండు బర్రెలు. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో కాపురం చేశాక ఊరి కింద బొగ్గుందని తేలింది. కొలిచేవాళ్ళు వచ్చి, గనిలోకి పోయే ప్రతి ఇంటి మీదా ఎర్ర ఎక్స్ గీసి, నంబరు వేసి వెళ్ళారు. ఇల్లు పోయినవాళ్ళకు వేరేచోట ఇంటి జాగ ఇస్తామన్నారు. ఆ ఏడు బతుకమ్మకు నేను అక్క దగ్గరికి వెళ్ళాను. ఇంటికి సున్నం పడకుండా బతుకమ్మ పేర్చడానికి మా వైపు ఆడవాళ్ళకు చేతులు రావు. అక్క ఇల్లంతా సున్నం వేసి, అరుగులకు ఎర్రమట్టి జాజు పూసి, వాకిలి పక్క గోడ ఒక్కటీ వదిలేసింది.

"గదొక్కటి ఇడిసిపెట్టిన చెల్లె. మీ బావ ముట్టద్దన్నడు" అంది.

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఉండనీయమ్మా, గాళ్ళు మళ్ల వస్తరట" అన్నాడు నెమ్మదిగా.

నేను టీచరునాయె, ఒకరు చెబితే వినే జాతి కాదు. "వాళ్ళ దగ్గర కాగితాలుంటయి బావా, గోడలు చూసి రాసుకుంటరా? పండుగపూట ఇంటి మొకం మీద గా ఎర్రగీతలేంది" అన్నాను. నా చేత్తోనే సున్నంలో తుమ్మబంక కలిపి మూడు పూతలు వేశాను. బంక కలిపితే సున్నం అంత తొందరగా రాలదు. ఏ పని చేసినా గట్టిగా చెయ్యాలని బాపు నేర్పిన బుద్ధి అట్లా అక్కరకొచ్చింది.

పండుగ వెళ్ళిన పది రోజులకు రెండో జట్టు వచ్చింది. గుర్తున్న ఇళ్ళకు ఫొటో తీసి, ఇంటివాళ్ళ పేరు రాసుకోవడం వాళ్ళ పని. జాగ వస్తుందన్న ఆశతో కొలతలయ్యాక గబగబా గోడలు లేపినవాళ్ళు ఆ చుట్టుపక్కల కొందరుండబట్టి వాళ్ళు ప్రతి ఇంటినీ అనుమానంగానే చూస్తున్నారు. అక్క ఇల్లు గుర్తు లేకుండా, మల్లెపువ్వులా తెల్లగా కనిపించింది. అది కొత్తగా కట్టిందని రాసేసుకున్నారు. బావ కొడవలితో గోడ గీకి చూపించాడట. సున్నంతో పాటు కింది రంగూ పొట్టు పొట్టుగా రాలింది గానీ గీత మిగలలేదు. కబురు తెలిసి సెలవు పెట్టి పరుగెత్తాను. నేను అంత ధీమాగా చెప్పిన కాగితాల్లో నంబర్లు మాత్రమే ఉన్నాయి, ఏ నంబరు ఎవరి ఇంటిదో ఆ గోడల మీదే ఉంది. ఆఫీసులో అతను మర్యాదగానే మాట్లాడాడు. "గోడ మీది గుర్తు చూపించండి మేడమ్, ఇప్పుడే రాసుకుంటాను" అన్నాడు. ఆరుసార్లు తిరిగాను. ఆరుసార్లూ అదే మర్యాద.

ఊరు పోయింది. ఇప్పుడక్కడ పెద్ద గొయ్యి ఉంది. ఇరుగుపొరుగు వాళ్ళు కొత్త కాలనీలో ఇళ్ళు కట్టుకున్నారు, అక్కా బావా బర్రెలను అమ్మేసి భూపాలపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. బావ ఆ గదిలోనే పోయాడు. పోయేదాకా నన్ను "అమ్మా" అనే పిలిచాడు. ఒకసారి ఉండబట్టలేక నన్ను తిట్టరాదే అక్కా అన్నాను. "సదువుకున్నదానివి, ఎరుకుంటదని నీ మాట ఇన్న. నిన్నేమంటనే" అంది. తిట్టినా బాగుండేది. ముప్పై ఏళ్ళ ఇంటిని చూసి కొత్తదనుకున్న ఆ కళ్ళను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళను తిట్టుకోవడం అయ్యాక నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెడతాను, అది చాలాసేపు సాగుతుంది.

నిన్న అక్క పండుగకని మా ఇంటికి వచ్చింది. ప్రహరీ మీది గుర్తును చూసి దాని ఎదురుగానే కూర్చుంది. సున్నం వేసే అతను ఆ గోడ దగ్గరికి రాగానే లేచి వెళ్ళి, "జర ఇటియ్యి కొడుకా, గిది నేనేస్త" అని కుంచె అందుకుంది. ఎక్స్ చుట్టూ, నంబరు చుట్టూ, పసిపిల్ల కంటికి కాటుక పెట్టినంత జాగ్రత్తగా సున్నం వేసింది. ఒక చుక్క ఎరుపు మీద పడితే కొంగుతో తుడిచేసింది. బాపు జెండా పట్టుకుని నిలబడ్డట్టు నేను పక్కన నిలబడి చూశాను, సాయం చెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. అంతా అయ్యాక అక్క చేతులు కడుక్కుంటూ, "ఇగ ఎవ్వలొచ్చినా కనవడ్తది" అంది.

కాలం ఆగకుండా ముందుకు పోతుందని చెప్పేవాళ్ళు ఇంజనును చూసి చెబుతారు. ఆఖరి పెట్టె ఎక్కడ తెగిపోయిందో తెలిసినదాన్ని గనుక, బండి వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా నేనింకా ఆ పట్టాల పక్కనే నిలబడి ఉన్నాను.