తెలిసినవాళ్ల కోసమని అడిగిన టీచరు గారు

రెండు వారాల కిందట బుధవారం నేను కాలేజీకి బయలుదేరుతుండగా మా ట్యూషన్ టీచరు గారి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా. ఆస్పత్రిలోనే. పొద్దున టీ తాగమంటే వద్దని తల తిప్పుకుంది, అంతే" అంది. స్కూటీ తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

భిలాయ్ సెక్టర్ 4లో ఆవిడ స్టీల్ ప్లాంటు క్వార్టర్ వరండాలో లెక్కలు నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో ఎక్కడ చూసినా కనిపిస్తారు. మేమంతా మాట హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించే పిల్లలం. ఆవిడ ఎప్పుడూ వెక్కిరించలేదు. తప్పు చేస్తే మాత్రం రబ్బరు ముట్టుకోనిచ్చేవారు కాదు. "చెరిపేత్తే ఎక్కడ తోవ తప్పేవో నాకెలా తెలుస్తాది? గీత కొట్టి పక్కన మళ్లీ చెయ్యి" అనేవారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు, ఆవిడ, ఆ వరండా నిండా మేము.

నేను సైకాలజీ చెప్పే ఉద్యోగంలో చేరాక ఆవిడే నాకు ఫోన్ చేసి ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. "ఊరికే అడుగుతున్నాను గానీ, తెల్లారితేనే భయమేత్తే దాన్నేటంటారమ్మా?" ఇంకోసారి, "ఆకలి చచ్చిపోడం కూడా మనసు జబ్బేనేటి?" నాకు ఎక్కాలు నేర్పిన మనిషి నన్ను అడుగుతున్నారని పొంగిపోయి, క్లాసులో పాఠంలా వివరంగా చెప్పేదాన్ని. ఆవిడ ఓపిగ్గా వినేవారు.

ఒకరోజు ప్రశ్న మారింది. "ఆ మందులు మింగితే లెక్కలు మర్చిపోతారా?"

"అది మనిషిని చూసి డాక్టరే చెప్పాలి టీచరు గారూ. నేను చెప్పకూడదు. ఎవరికండీ?"

"తెలిసినోళ్లమ్మాయికిలే."

"అయితే డాక్టరుకి చూపించుకోమనండి" అన్నాను.

సరైన జవాబే. జబ్బు గురించి నలుగురికీ చెప్పవచ్చు, ఒక మనిషికి మందు సంగతి డాక్టరే చెప్పాలని మా విద్యార్థులకు నేర్పేది నేనే. చెప్పవలసిన హద్దులో జాగ్రత్తగా నిలబడ్డాను. అడుగుతున్నది ఎవరో మాత్రం చూడలేదు.

వేసవిలో వెళితే వరండా ఖాళీగా ఉంది. "ట్యూషన్ మానేసేను బేటీ. లెక్క సగంలో ఉండగానే జారిపోతోంది" అన్నారు. జాకెట్టు భుజం మీద నిలవడం లేదు. ఉపవాసాలన్నారు. నాతో డాక్టరు దగ్గరికి రమ్మన్నాను.

"ఏటని చెప్పుకోనమ్మా? నొప్పయితే వేలెట్టి చూపిత్తాను."

ఆవిడ నవ్వారు. అది నవ్వే అనుకుని నేనూ నవ్వాను. పరీక్ష పేపర్లు దిద్దాలని లేచి వచ్చేశాను. మళ్లీ నేను ఆవిడని చూసింది ఆస్పత్రిలోనే. మామూలు జ్వరమేనట. దాన్ని తట్టుకోవడానికి ఒంట్లో ఏమీ మిగల్లేదని చెప్పారు. నేను చెయ్యి పట్టుకుంటే ఆవిడ గోడవైపు చూస్తూ పడుకున్నారు.

దినం రోజున చెల్లెలు చెప్పింది. "మనసు డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్లిందమ్మా. మొదటిసారి కౌంటర్లో ఉన్నది దాని శిష్యుడేనట. 'నమస్తే టీచర్ గారూ, చీటీ ఎవరికి?' అన్నాడట. తెలిసినోళ్లకి, మళ్లీ వత్తామని చెప్పి తిరిగొచ్చేసింది. రెండోసారి చీటీ రాయించుకుంది గానీ, పేరు పిలిత్తే బెంచీ మీంచి లేవలేదు. చుట్టూ మన పిల్లలే కదే అంది."

తనలోని బాధ చెప్పుకోవడానికి తనను టీచరు గారూ అని పిలవని మనిషి ఈ ఊళ్లో ఒక్కరూ దొరకలేదావిడకు. నాకు ఫోన్ చేసినప్పుడైనా దొరకలేదు. ఇది చదివేవాళ్లకు ఎవరికైనా "ఊరికే అడుగుతున్నాను" అనే ఫోన్ వస్తే ఏం చెయ్యాలో బోధించే అర్హత నాకు లేదు. నేనయితే జవాబు చెప్పడం ఆపి, ఆ రోజే వెళ్లి పక్కన కూర్చోవలసింది. ఆ బెంచీ మీద కూడా.

భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు ఆరేసిన తెల్ల చీర తీగ మీదే ఉంది. ఎవరికీ తియ్యాలని తోచలేదు. మడతల నిండా ప్లాంటు ఎర్ర దుమ్ము పట్టింది. చెల్లెలు వచ్చి ఒక కొసా, నేను ఒక కొసా పట్టుకుని దులిపాం. దుమ్ము రాలలేదు. ఎండలో ఆ చీర పట్టుకుని ఇద్దరం చాలాసేపు అలాగే నిలబడ్డాం.