రెండు లైసెన్సుల కరుణమ్మ గారు

కొత్తగా రంగులు వేసిన ఖాళీ ఇంటి తలుపు తీయగానే ఒక ఘాటైన వాసన ముఖానికి తగులుతుంది. నిజామాబాద్‌లో ఇళ్ళు అద్దెకు ఇప్పించే పని మొదలుపెట్టి ఇన్నేళ్ళయినా, ఆ వాసన రాగానే గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోతాను. పక్కన కరుణమ్మ గారు నిలబడి ఉన్నట్టే ఉంటుంది. ఆవిడ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు కిటికీలు తెరిచేవారు, కుళాయి తిప్పి ధార చూసేవారు, ఆ తర్వాతే మాట్లాడేవారు.

ఎనభైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో దుబాయ్ వెళ్ళాను. మా ఆయన షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీలో లెక్కలు రాసేవాడు. బర్ దుబాయ్‌లో అతని స్నేహితుడి ఫ్లాటులోనే, మధ్యన పరదా కట్టుకుని రెండు కుటుంబాలూ సర్దుకున్నాం. మాకంటూ ఒక గది కావాలని బట్టల దుకాణాల పైనున్న బ్రోకర్ ఆఫీసుకు వెళితే, బల్ల వెనక నేతచీరలో కరుణమ్మ గారు కనిపించారు. నరసాపురం దగ్గరి మనిషి. సాలెం అనే అరబ్బు ఇంట్లో ఆయాగా చేరి, ఆ ఇంటి ఆడవాళ్ళ దగ్గర అరబ్బీ నేర్చుకున్నారు. పిల్లలు పెద్దయ్యాక సాలెం తల్లి తన మేడను అద్దెకిచ్చే బాధ్యత ఆవిడకు అప్పగించింది. అది బాగా నడవడం చూసి సాలెం తన పేరున లైసెన్సు తీసుకుని, ఆఫీసు తెరిచి ఆవిడను కూర్చోబెట్టాడు. వీసాకు పూచీపడే కఫీల్ కూడా ఆయనే.

మా ఆయన జీతం అడిగి ఆవిడ తల అడ్డంగా ఊపారు. “ఇక్కడ ఇల్లు చూపిస్తాను గానీ, మీ జీతమంతా దీనికే పోద్దమ్మా. షార్జాలో చూసుకోండి, మీ ఆయనకి పని కూడా దగ్గర. అక్కడ నాకు లైసెన్సు లేదు, నేను చూపించకూడదు.”

“గట్ల పంపితే మీకేమొస్తది మేడమ్?” అని అడిగాను.

“ఏమీ రాదు” అని నవ్వి, ఏ వీధిలో అడగాలో చెప్పారు. మాటల్లో నాకు టైపు వచ్చని తెలిసి, పనిలోకి రమ్మన్నారు. చేరిపోయాను.

షార్జా ఎంత దగ్గరైనా పాలకుడు వేరు, మున్సిపాలిటీ వేరు. దుబాయ్ లైసెన్సు అక్కడ చెల్లదు. చిన్న జీతాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఉత్త చేతులతో మెట్లు దిగిపోతుంటే ఆవిడకు మనసొప్పేది కాదు. అలాంటి రోజుల్లో షార్జాలో సగం ఖాళీగా పడివున్న ఒక మేడ యజమాని, అక్కడ తాను లైసెన్సు తీస్తానని, రెండు ఆఫీసులూ ఆవిడే చూసుకోవాలని కబురు పెట్టాడు. దానికి సాలెం అనుమతి కావాలి. సాలెం వినగానే మండిపడ్డాడు. తన అద్దెల గుట్టు అవతలివాడికి చేరుతుందని ఆయన భయం. నా దగ్గరే ఉండు, లేదంటే వీసా ఖలాస్, మీ ఊరు వెళ్ళిపో అన్నాడు. ఊళ్ళో ఆవిడ ఇద్దరు కూతుళ్ళూ నర్సింగ్ చదువుతున్నారు. షార్జా పని వద్దని ఊరుకుంటే పోయేదేగా అనిపించింది నాకు. ఆవిడ మాత్రం శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని సాలెం ఇంటికి వెళ్ళారు.

ముసలి తల్లి పరుపుకు ఆనుకుని కూర్చుంది. సాలెం ఎదురుగా కాఫీ తాగుతున్నాడు. కరుణమ్మ గారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. నాకు అక్కడక్కడ ఒక ముక్క అర్థమైంది. షార్జాలో కుదురుకున్నవాడు జీతం పెరిగాక దుబాయ్ ఇల్లు కోసం మళ్ళీ మన దగ్గరికే వస్తాడన్నారట. సాలెం గొంతు పెంచాడు. అప్పుడు ఆ పెద్దావిడ చెయ్యెత్తి ఏదో అడిగింది. సాలెం కప్పు కింద పెట్టి, “లా” అన్నాడు. లేదని.

మెట్లు దిగుతూ కరుణమ్మ గారు ఆ ప్రశ్న తెలుగులో చెప్పారు: “నీకు ఇద్దరు భార్యలు, రెండిళ్ళు. ఈ మనిషి రెండిళ్ళలోనూ పనిచేసింది. ఆ ఇంటి మాట ఈ ఇంట్లో ఒక్కటైనా విన్నావా?”

ఆయన కాదంటే పిల్లల చదువు ఏమయ్యేదో అన్నారు. అంతవరకూ ఆవిడకూ భయముందని నాకు తెలియదు.

సాలెం ఒప్పుకున్నాడు, రెండో లైసెన్సు వచ్చింది. ఉదయం దుబాయ్, మధ్యాహ్నం తర్వాత షార్జా. అంతకుముందు అక్కడ ఇల్లు కుదరని మేము కూడా షార్జాలోనే రెండు గదుల్లోకి మారాం. పరదా విప్పేసి మడతపెట్టిన రోజు నాకింకా గుర్తుంది. ఒకసారి షార్జా యజమాని, ఇల్లు ఖాళీగా ఉంటే నష్టమని, కాస్త తక్కువకైనా ఇచ్చేస్తానని మాతో అన్నాడు. ఆ ఇల్లు చూడటానికి వచ్చింది మా జగిత్యాలవాళ్ళే.

“వాళ్ళకు చెప్తే తప్పేంది అక్కా? మనోళ్ళే గదా” అన్నాను.

“ఆయన మనల్ని నమ్మి చెప్పుకున్నాడు. వాళ్ళనే అడగమను, ఆయనే తగ్గిస్తాడు. నువ్వు మోసుకెళ్ళకు.”

వాళ్ళు అడిగారు. ఆయన తగ్గించాడు.

ఆరేడేళ్ళ తర్వాత, కూతుళ్ళు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, ఆవిడ నరసాపురం వెళ్ళిపోయారు. సాగనంపడానికి సాలెం, షార్జా యజమాని ఇద్దరూ విమానాశ్రయానికి వచ్చి, ఆవిడ పెట్టెలు చెరొకటి పట్టుకున్నారు.

మొన్న మా ఇంట్లో బేరం కూర్చున్నప్పుడు ఒక ఇంటాయన, అద్దెకు వచ్చినవాళ్ళు ఎంతదాకా ఇస్తారో కొంచెం చెప్పమని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. నాకు తెలుసు. పక్క గదిలోనే ఉన్నారు, మీరే అడగండి అని చెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.