బావ బ్యాటరీకి ఆవిరిస్నానం

మా బావ తైస్తో చేతిలో తొమ్మిదేళ్లలో ఏడు బ్యాటరీలు చచ్చాయి. ఆ లెక్క మా అక్క హిల్కాది, నాది కాదు. ఏడింటిలో ఒక్కదాన్ని కూడా ఆయన కావాలని చంపలేదు, ప్రేమ ఎక్కువై చంపాడు. ఆ సంగతి బయటపడ్డ శనివారం ఆయన పక్కన ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చున్నది నేనే కాబట్టి ఇదంతా చెప్పే హక్కు నాకుంది.

ముందు మనిషి గురించి చెప్పాలి. బావ మా ఊరి వృద్ధాశ్రమంలో ముప్ఫై నాలుగేళ్లు మరమ్మతుల పని చేశాడు. ఊడిన తలుపులు, కారే కుళాయిలు, ఒక పక్కకే లాగే చక్రాల కుర్చీలు, అన్నీ ఆయన చేతికే వచ్చేవి. ఏ వస్తువునైనా 'ఇక ఇది పనికిరాదు' అన్న పాపాన పోలేదు. తొంభై ఆరేళ్ల ఐనో అనే ముసలావిడ పళ్లసెట్టు విరిగితే, ఈ వయసులో కొత్తదెందుకని అందరూ గొణిగారట. బావ మధ్యాహ్నం భోజనం మానుకుని కూర్చుని దాన్ని అతికించి ఇచ్చాడు. ఆవిడ మరో ఐదేళ్లు ఆ పళ్లతోనే గట్టి రై ధాన్యపు రొట్టె నమిలింది.

ఆ గుణమే మోటార్‌సైకిల్ దగ్గరికొచ్చేసరికి మా అందరి ప్రాణాలమీదికి వచ్చింది. అది ఎర్రరంగు జపాన్ బండి. కిక్కు లేదు. బటన్ నొక్కితే లేవాలి, లేదంటే జనం తొయ్యాలి. ఆఖరుసారి కొన్న బ్యాటరీ తొమ్మిదేళ్ల కిందట పోయాక బావ మళ్లీ కొత్తది కొననేలేదు. ఊళ్లో ఎవరైనా పాత బ్యాటరీ పారేయబోతే అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. ఇందులో ఇంకా ప్రాణం ఉందనేవాడు. ఉండేది కూడా, చిన్న బల్బు వెలిగేంత. ఇంజిన్ తిప్పడానికి మాత్రం మేం ఉండేవాళ్లం, అంటే నేనూ ఇరుగుపొరుగు ముగ్గురూ. మా వీధి సరస్సు వైపు కొద్దిగా వాలుగా ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే నా నడుము ఎప్పుడో విరిగేది.

మే ఒకటిన మా చుట్టుపక్కల బళ్లన్నీ చలికాలం నిద్ర వదిలి రోడ్డెక్కుతాయి. అందరూ కలిసి పక్క ఊరిదాకా వెళ్లి కాఫీ తాగి వస్తారు. ప్రతి ఏడూ ఆ రోజు మా తోపుడు చూడ్డానికి పిల్లలు కంచెలెక్కి కూర్చునేవారు. కిందటి అక్టోబర్లో బండిని షెడ్డులో పెడుతుంటే అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వచ్చే మే ఒకటిన ఇది బటన్ నొక్కగానే లేవాలి. లేవలేదో, రెండో తారీఖున అమ్మకానికి పెట్టేస్తా."

బండి కాగితాలు అక్క పేరుమీదే ఉన్నాయి. పైగా అక్క ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. నిజం చెప్పాలంటే, నా నడుము బతికిపోయిందని ముందు లోపల్లోపల సంతోషపడ్డాను. తర్వాత బావ మొహం చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉన్న బండి అది. జీవితంలో ఆయన తనకంటూ కావాలని అడిగింది అదొక్కటే. నా సంతోషానికి నాకే సిగ్గేసింది.

నవంబర్లో ఒక శనివారం, మా ఆవిరిగది పొయ్యి పాడై, బావ వాళ్ల దానికి వెళ్లాను. శనివారం బావ ఎప్పుడూ అందరికంటే ముందు, ఒంటరిగా లోపలికెళ్తాడు. ఆ రోజు నేనూ వెనకే దూరాను. లోపల ఎనభై డిగ్రీల వేడి. పైబల్ల మీద బావ. కిందబల్ల మీద, మడత పెట్టిన తుండుగుడ్డ మీద, ఏడో బ్యాటరీ.

మా దగ్గర ఎవరైనా ఆ బల్లమీద కూర్చునేముందు తుండు పరుచుకోవాలి, అది మర్యాద. బావ బ్యాటరీకి కూడా ఆ మర్యాద చేశాడు.

"ఇదేంటి బావా?"

"కిందబల్ల మీదే పెట్టాను కదరా. పైన వేడి ఎక్కువని నాకు తెలీదా?"

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఎన్నాళ్లేమిటి, మొదటి దాని నుంచీ అన్నాడు. ప్రతి శనివారం గంటసేపు ఇక్కడ, ఆ తర్వాత బట్టలు మార్చుకునే గదిలో పొయ్యి పక్కన చార్జింగ్. బావను తప్పుపట్టడం కూడా కష్టమే. ఆయన పుట్టింది ఆవిరిగదిలో, పూర్వం మా దగ్గర కాన్పులు అక్కడే అయ్యేవి. మాకు జలుబొచ్చినా, కీళ్లు పట్టేసినా, మనసు బాగోకపోయినా ముందు వెళ్లేది అక్కడికే. ఒంట్లో బలం లేనిదాన్ని ఇంకెక్కడికి తీసుకెళ్తాడు?

"దాని పక్కలు ఉబ్బాయి చూశావా?" అన్నాను.

"చూశా. కాస్త ఒళ్లు చేసిందనుకున్నా."

నాకు కోపం నషాళానికంటింది. ఆ వేడిలో నిలబడే పాఠం చెప్పాను. బ్యాటరీ మనిషి కాదు, వేడికి దాని లోపలి తడి ఆరిపోతుంది. నిండా చార్జింగ్ ఉంటే దానికి చలి ఏమీ చెయ్యదు, ఖాళీగా ఉంటేనే గడ్డకట్టి పగులుతుంది. బావ అంతా విని, పాపం వాటికి నోరు లేకపోయింది అన్నాడు. ఆ తర్వాత వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఏడింటినీ తలుచుకుంటున్నాడని నాకు అర్థమైంది.

ఏప్రిల్ దాకా ఆగితే ఎవరి చెత్తలోంచో ఎనిమిదోది తెస్తాడని భయపడి, సోమవారమే ఆయన్ని ఈసాల్మి పట్నంలో బళ్ల సామాన్ల కొట్టుకు లాక్కెళ్లాను. కౌంటర్ దగ్గర వెన్లా అనే అమ్మాయి ఉంది. బావ పాత బ్యాటరీని ఉన్ని శాలువాలో చుట్టి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూనే టేపు తీసి పొడుగు, వెడల్పు, ఎత్తు కొలిచింది. ఇది అసలు మీ బండిది కాదు అంది. బండి పుస్తకంలో రాసినదానికంటే దీని శక్తి తక్కువట, ప్లస్ కొన కూడా అటు బదులు ఇటుందట. తొమ్మిదేళ్లుగా బావ ఎర్ర తీగను సాగదీసి, అతుకేసి తగిలిస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

వెన్లా రెండు రకాలు చూపించింది. ఒకటి దూదిలా తేలిగ్గా ఉండే లిథియం రకం, కానీ మా చలికి పొద్దున్నే మొరాయిస్తుంది, దానికి చార్జరు కూడా వేరేది కావాలి. రెండోది నీళ్లు పొయ్యక్కర్లేకుండా మూసేసిన సీసం రకం, బరువు, కానీ మాట వింటుంది. నేను రెండోది అన్నాను. బావ ఇంకేదో చూస్తున్నాడు.

"వీటిలో ఎక్కువ కాలంగా ఎవరూ కొనకుండా ఉండిపోయింది ఏది తల్లీ?"

వెన్లా ఒక పెట్టె చూపించింది. రెండున్నరేళ్లుగా అరలోనే ఉందట. బావ చెయ్యి అప్పుడే దానిమీద పడింది.

"వద్దు తాతా. ఊరికే పడున్నా దాని బలం తగ్గుతూనే ఉంటుంది. అది కొంటే సగం పోయినదాన్ని కొన్నట్టే. కిందటి నెలలో తయారైంది తీసుకోండి, తారీఖు ఇక్కడ అచ్చేసి ఉంటుంది."

సగం పోయింది అనే మాట బావకు కొనడానికి కారణంలా వినిపించిందని ఆయన కళ్లలోనే కనబడింది. ఆ పెట్టె ఆయన చేతిలోంచి లాక్కుని తిరిగి అరలో పెట్టాను. అక్క మాట గుర్తుచేశాను. బావ నోరు మూసుకుని కొత్తదానికి డబ్బు కట్టాడు గానీ బయటికొచ్చేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కొత్తదాన్ని నిండా చార్జి చేసి, దుంపలు దాచుకునే నేలమాళిగలో, లింగన్ అనే ఎర్రటి అడవిపళ్ల జాము సీసాల మధ్య పెట్టించాను. అక్కడ నాలుగు డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. నెలకోసారి, నిండగానే తనంతట తానే ఆగిపోయే చిన్న చార్జరు తగిలించాలి, అంతకు మించి ముట్టుకోకూడదు. బావకు ఆ ముట్టుకోకపోవడమే ప్రాణసంకటమైంది. రోజుకు రెండుసార్లు దుంపలు కావాలని కిందికి దిగేవాడు. ఆ చలికాలం అక్క ఎన్ని దుంపలు వండిందో చెప్పలేను.

జనవరిలో ఉష్ణోగ్రత మైనస్ ముప్ఫై మూడు దాకా పడిపోయింది. ఆ శనివారం అనుమానమొచ్చి వెళ్లి చూస్తే, జాము సీసాల మధ్య చోటు ఖాళీగా ఉంది. ఆవిరిగది పొయ్యి పొగ అప్పటికే లేస్తోంది. పరిగెత్తాను. బావ లోపల లేడు. బయట మెట్టుమీద కూర్చున్నాడు, కోటు బొత్తాలు బిగించుకుని. కోటు లోపల చతురస్రంగా ఏదో ఉంది.

"లోపలికి తీసుకెళ్లలేదురా. గుమ్మందాకా వచ్చి ఆగిపోయా," అన్నాడు. కోటు సర్దుకుంటూ, "ముప్ఫై నాలుగేళ్లు అంతమంది ముసలాళ్లను చూశా. ఒక్కర్ని కూడా చలిలో, చీకట్లో ఒంటరిగా వదల్లేదు" అన్నాడు.

నాకు తిట్టాలనిపించలేదు. జేబులోంచి వోల్టులు కొలిచే మీటర్ తీసి రెండు కొనలకూ ఆనించాను. పన్నెండు పాయింట్ ఎనిమిది చూపించింది, అంటే నిండుగా ఉన్నట్టే. ఈ చలిలో నీకంటే నాకంటే ఇదే ఆరోగ్యంగా ఉందని చెప్పి, మీటర్ ఆయన చేతిలో పెట్టాను. అప్పట్నుంచి శనివారం శనివారం మాళిగలోకి దిగి, అంకె చూసుకుని, ఒట్టి చేతులతో పైకొచ్చి స్నానానికి వెళ్లేవాడు.

మే ఒకటి వచ్చింది. రోడ్డు పక్కన ఇంకా మురికి మంచు ఉంది. బావ బ్యాటరీ కొనలను తీగ బ్రష్‌తో రుద్ది, ముందు ఎర్ర తీగ, తర్వాత నల్ల తీగ బిగించి, పైన వాజిలీన్ పూశాడు. పిల్లలు ఎప్పట్లాగే కంచెలెక్కారు. తోపుడుగాళ్లు ముగ్గురూ చక్కెర అద్దిన బూరెలు తింటూ అలవాటు కొద్దీ వచ్చి నిలబడ్డారు. నాలుగోవాణ్ణి నేను. అక్క కిటికీ దగ్గర ఉంది.

బావ బటన్ నొక్కాడు. ఇంజిన్ గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

బండి దక్కింది. బావ వెంటనే గేరు వేసి బయల్దేరబోయాడు. అప్పుడు అక్క మెట్లు దిగి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది. చేతిలో హెల్మెట్ ఉంది.

"ఇంజిన్ ఆపు."

"లేచింది కదే. చూశావుగా."

"చూశా. ఆపు."

తొమ్మిదేళ్లలో బావ లేచిన ఇంజిన్ దారిలో ఆపి ఎరగడు. ఆపితే మళ్లీ తోసేవాళ్లు కావాలి. కాఫీ దగ్గర కూడా దిగకుండా, ఆడుతున్న బండిమీదే కూర్చుని తాగేవాడు. తోసి లేపే బండిమీద వెనక మనిషిని కూర్చోబెట్టలేం కాబట్టి అక్క నా కారులో వచ్చేది. ఇన్నేళ్లలో ఆ విషయం గురించి ఒక్కసారైనా ఆలోచించానా అంటే లేదు. నా నడుము గురించే ఆలోచించుకున్నాను.

బావ ఆపాడు.

"తొమ్మిదేళ్లు కారద్దంలోంచి నీ వీపు చూస్తూ వచ్చా," అంది అక్క. "దీన్ని అమ్మాలని నాకెప్పుడూ లేదు తైస్తో. ఎక్కాలని ఉండేది."

హెల్మెట్ పెట్టుకుని, ఆయన భుజం పట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది. ఇప్పుడు నొక్కు అంది. నొక్కాడు. లేచింది.

నేను ఒంటరిగా కారులో వెనకే వెళ్లాను. కాఫీ దగ్గర బావ ఎవరూ చెప్పకుండానే ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టి, కిందికి దిగాడు.